ఆపిల్ టూ ఫ్లాపీ డ్రైవ్ స్పీడ్ సరిచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ ఏ డ్రైవ్ గురించి చెబుతున్నారు?

ఆపిల్ టూ కంప్యూటర్‌కి తగిలించే డిస్క్ టూ గురించి. ఐదుంపావు అంగుళాల ఫ్లాపీ పట్టే లేత గోధుమ రంగు రేకుపెట్టె అది. 1977 డిసెంబరు సెలవుల్లో ఆపిల్ స్థాపకుల్లో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ దీని కంట్రోలర్ కార్డు (కంప్యూటర్‌లో ఉండి డ్రైవ్‌ని నడిపే కార్డు) పని మొదలుపెట్టాడు. 1978లో డ్రైవ్ అమ్మకానికి వచ్చింది. లోపలి యంత్రం షుగార్ట్ కంపెనీది. దాని మీద ఉండాల్సిన ఎలక్ట్రానిక్స్‌లో చాలా భాగాన్ని వోజ్నియాక్ వద్దనుకుని, ఆ పనిని ప్రాసెసర్‌కీ ప్రోగ్రాముకీ అప్పజెప్పాడు. అందుకే కార్డు మీద ఎనిమిదే చిప్పులు. స్పీడ్ విషయంలో ఈ డ్రైవ్‌కి ఉన్న ప్రత్యేకతలన్నీ ఆ నిర్ణయంలోంచి వచ్చినవే. నేను ఇష్టంగా బాగుచేసుకునేది కూడా ఈ డ్రైవ్‌నే.

కమొడోర్, అటారీ డ్రైవ్‌లు వేరు. అటారీవైతే నిమిషానికి 288 చుట్లే తిరుగుతాయి. కింద ఇచ్చిన అంకెలు వాటికి పెట్టి చూడకండి.

స్పీడ్ ఎంత ఉండాలి?

నిమిషానికి 300 చుట్లు. అంటే సెకనుకు 5, ఒక్కో చుట్టుకి 200 మిల్లీసెకన్లు. షుగార్ట్ వాళ్లు ఒకటిన్నర శాతం అటూ ఇటూ ఒప్పుకున్నారు, అంటే 197 నుంచి 203 మిల్లీసెకన్ల దాకా. నేను మాత్రం 199కీ 201కీ మధ్య లేకపోతే వదలను. అంత పట్టుదల ఎందుకో తర్వాతి జవాబులో చెబుతాను.

మా డ్రైవ్ పాత ఫ్లాపీలన్నీ చక్కగా చదువుతోంది. అయినా స్పీడ్ చూసుకోవాలా?

తప్పకుండా చూసుకోవాలి. నేను ఈ జవాబుల పేజీ రాయడానికి కారణమే ఈ ప్రశ్న.

చదవడం ఒక ఎత్తు, రాయడం ఇంకో ఎత్తు. చదివేటప్పుడు కంట్రోలర్ చాలా ఓర్పుగా ఉంటుంది. ఫ్లాపీ మీద ప్రతి '1' దగ్గరా అది తన లెక్కను మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఫ్లాపీ మీద సమాచారం ట్రాక్‌లనే వలయాల్లో, ఒక్కో ట్రాక్ సెక్టార్లనే ముక్కల్లో ఉంటుంది. 16 సెక్టార్ల పద్ధతిలో వరుసగా రెండు సున్నాలకు మించి రావు కాబట్టి, మధ్యలో లెక్క తప్పేంత సమయమే ఉండదు. మోటారు మూడు నాలుగు శాతం తేడాగా తిరిగినా చదివేస్తుంది. మనమేమో డ్రైవ్ బాగానే ఉందనుకుంటాం.

రాసేటప్పుడు అలా కుదరదు. ప్రాసెసర్ తన గడియారం ప్రకారం 32 టిక్కులకొక బైటు చొప్పున పంపుతూ పోతుంది. కింద ఫ్లాపీ ఎంత వేగంగా తిరుగుతోందో దానికి తెలియదు. సరిగ్గా 300 చుట్లయితే ఒక ట్రాక్‌లో సుమారు 6,380 బైట్లు పడతాయి. మోటారు ఒక్క శాతం ఫాస్ట్‌గా ఉంటే 64 దాకా తగ్గుతాయి. ఒక్కో సెక్టారులో అసలు సమాచారం ఉండే భాగం 349 బైట్లు, దాని ముందు సెక్టారు చిరునామా, తర్వాత కాస్త ఖాళీ. ఆ ఖాళీ పాతిక బైట్లంత ఉంటుంది, ఒక్కోసారి ఇంకా తక్కువే. ఇప్పుడు స్లోగా తిరిగే డ్రైవ్‌లో ఫార్మాట్ చేసిన ఫ్లాపీని తెచ్చి, ఫాస్ట్‌గా తిరిగే డ్రైవ్‌లో ఫైల్ సేవ్ చేశారనుకోండి. ఆ 349 బైట్లూ ముందు పట్టిన చోటులో పట్టవు. సాగుతాయి, ఖాళీని తినేస్తాయి. తేడా బాగా ఎక్కువైతే పక్క సెక్టారు చిరునామా మీదికి వెళ్లిపోతాయి. ఆ పక్క సెక్టారులో సమాచారం అలాగే ఉంటుంది, కానీ దాని తలుపు మీద నంబరు చెరిగిపోతుంది. ఫ్లాపీ పనులు చూసే డాస్ అనే ప్రోగ్రాము వెతుకుతుంది, దొరకదు, ఐఓ ఎర్రర్ అంటుంది.

నాకు ఇది అనుభవమే. ఒక మిత్రుడి అన్నయ్య అమెరికాలో చదువుకునే రోజుల్లో ఇంటికి రాసిన ఉత్తరాలున్న ఫ్లాపీ నా చేతికొచ్చింది. తెలుగు ఉత్తరాలే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినవి. మొదట్లోనే 'అమ్మకు నమస్కారములు' అని ఉంది. అన్నీ చక్కగా తెరుచుకున్నాయి. ఆ సంతోషంలో, ఒక ఉత్తరంలో రెండు అక్షరదోషాలు సరిచేసి అదే ఫ్లాపీ మీద సేవ్ చేశాను. ఆ తర్వాత ఇంకో ఉత్తరం తెరుచుకోలేదు. అప్పుడు కొలిచాను: 193 మిల్లీసెకన్లు, అంటే దాదాపు 311 చుట్లు. డ్రైవ్‌ని సర్వీసు చేసి ఇస్తున్నామని చెప్పి అమ్మారు, నేను కొలవకుండా నమ్మాను. ఆ ఉత్తరం సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

కాబట్టి స్పీడ్ కొలవని డ్రైవ్‌లో పెట్టే ప్రతి పాత ఫ్లాపీకీ అంచున ఉండే రైట్ ప్రొటెక్ట్ గాటు మీద స్టిక్కర్ వేయండి, అది మూసి ఉంటే డ్రైవ్ ఫ్లాపీ మీద రాయదు. ఇది మర్చిపోకండి.

తప్పు స్పీడ్‌దేనని ఎలా తెలుసుకోవాలి?

ఫార్మాట్ చేసి చూడండి. ఖాళీ ఫ్లాపీ ఫార్మాట్ అవడం లేదు, పాతవి మాత్రం చదువుతోంది అంటే మొదట అనుమానించాల్సింది స్పీడ్‌నే. డాస్ తర్వాత వచ్చిన ప్రోడాస్‌తో ఇచ్చే ఫైలర్ ప్రోగ్రాము ఫార్మాట్ చేసేటప్పుడు డ్రైవ్ మరీ స్లోగానో ఫాస్ట్‌గానో ఉంటే ఆ మాటే తెర మీద చెబుతుంది. డాస్ 3.3 అంత వివరంగా చెప్పదు, ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది. ఈ డ్రైవ్‌లో రాసింది ఇందులోనే చదువుతూ, పక్క డ్రైవ్‌లో మొరాయిస్తుంటే స్పీడ్ కావచ్చు, హెడ్ అలైన్‌మెంట్ (ఫ్లాపీని చదివి రాసే హెడ్ సరైన చోట ఉండటం) కావచ్చు. స్పీడ్ చూడటం తేలిక కాబట్టి ముందు అదే చూడండి.

అసలేదీ చదవకపోతే మాత్రం ప్రీసెట్ (స్పీడ్ మార్చే స్క్రూ) జోలికి పోవద్దు. హెడ్‌కి మట్టి పట్టి ఉంటుంది. దూదిపుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, నొక్కకుండా తుడవండి. నా దగ్గరికి 'స్పీడ్ పోయింది' అని వచ్చిన డ్రైవ్‌లలో సగం దూదిపుల్లతోనే బాగుపడ్డాయి.

మూత తీసేముందు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఈ డ్రైవ్‌లోకి ఇంటి కరెంటు రాదు. రిబ్బన్ కేబుల్ ద్వారా కంప్యూటర్ నుంచి వచ్చే 12 వోల్టులు, 5 వోల్టులే. షాక్ భయం లేదు.

భయపడాల్సింది ఆ కేబుల్‌కే. కంప్యూటర్ ఆన్‌లో ఉండగా కేబుల్ పీకడం, పెట్టడం ఎప్పుడూ చేయకండి. కార్డు మీద 20 పిన్నుల కనెక్టర్ ఒక వరుస పక్కకి జరిగినా లోపలికి వెళ్లి కూర్చుంటుంది, ఆపే గాడి ఏదీ లేదు. అలా పెట్టి స్విచ్ వేస్తే 12 వోల్టులు వెళ్లకూడని చోటికి వెళ్లి, డ్రైవ్ బోర్డు మీద 74ఎల్ఎస్125 చిప్పు కాలిపోతుంది. టార్చిలైటు వేసి రెండు చివర్లా పిన్నులు సరిగ్గా కూర్చున్నాయో చూసుకున్నాకే స్విచ్ వేయండి. స్పీడ్ సరిచేసేటప్పుడు మూత తీసి పెడుతూ ఉంటాం కాబట్టి ఈ ప్రమాదం అప్పుడే ఎక్కువ.

స్పీడ్ మార్చే స్క్రూ ఎక్కడుంది?

అడుగున ఉన్న నాలుగు స్క్రూలు తీస్తే పై రేకు జారి వచ్చేస్తుంది. పైన పెద్ద బోర్డు కనిపిస్తుంది, దాంతో పని లేదు. వెనక వైపు నిలువుగా ఒక చిన్న బోర్డు ఉంటుంది, మోటారుని నడిపేది అదే. దాని మీద చిన్న పెట్టెలాంటి ప్రీసెట్ ఉంటుంది, చివర సన్నటి ఇత్తడి స్క్రూ. మన రేడియో మెకానిక్కులు ప్రీసెట్ అనేదే ఇది. సన్నటి స్క్రూడ్రైవర్ చాలు. ఎటు తిప్పితే వేగం పెరుగుతుందో ముందే అనుకోకండి. పావు చుట్టు తిప్పి చూడండి, అదే చెబుతుంది.

ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూస్తే చాలంటారు, నిజమేనా?

నిజమే. నాకు ఎంతో ఇష్టమైన పద్ధతి కూడా ఇదే.

డ్రైవ్‌ని పక్కకి నిలబెడితే అడుగు భాగంలో పెద్ద పుల్లీ, దాన్ని తిప్పే బెల్టు కనిపిస్తాయి. పుల్లీ మీద నలుపు తెలుపు గీతల వలయాలు అచ్చువేసి ఉంటాయి. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. చోక్ ఉన్న పాతకాలపు ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. ఫ్లాపీ సెకనుకు 5 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో చుట్టులో 20 వెలుగులు. వలయంలో 20 గీతలుంటే, ప్రతి వెలుగుకీ ఒక గీత ఖాళీ చేసిన చోటికి సరిగ్గా ఇంకో గీత వచ్చి నిలబడుతుంది. పుల్లీ గిర్రున తిరుగుతూనే ఉంటుంది, గీతలు మాత్రం కదలవు. మొదటిసారి చూసినప్పుడు నేను బెల్టు తెగిందేమో అనుకుని వేలు పెట్టబోయాను.

గీతలు పుల్లీ తిరిగే వైపుకే మెల్లగా జరుగుతుంటే మోటారు ఫాస్ట్. వెనక్కి జరుగుతుంటే స్లో. ఎంత తేడానో కూడా చెప్పొచ్చు: 20 గీతల వలయంలో సెకనుకి ఒక గీత జరిగితే ఒక శాతం తేడా. పది సెకన్లకి ఒక గీత జరుగుతోందంటే తేడా శాతంలో పదోవంతే, ఇక స్క్రూ వదిలేయండి.

ఫ్లాపీ లోపల పెట్టి తలుపు మూసే చూడాలి. ఖాళీగా తిరిగితే రాపిడి ఉండదు, అంకె తేడా వస్తుంది. పది నిమిషాలు మోటారు తిరిగి వేడెక్కాకే సరిచేయండి.

మన ప్రాంతానికి సంబంధించిన ఒక సంగతి. ఈ పద్ధతి కరెంటు ఫ్రీక్వెన్సీని నమ్ముకుని పనిచేస్తుంది. ఇప్పుడు గ్రిడ్ 50 దగ్గరే నిలకడగా ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. 2013 డిసెంబరు 31న దేశంలోని మిగతా గ్రిడ్‌తో కలిసేదాకా దక్షిణాది గ్రిడ్ విడిగా నడిచేది. 90ల వేసవుల్లో ఫ్రీక్వెన్సీ 49 కన్నా కిందికి దిగిన రోజులు ఎన్నో. 48.5 ఉన్న పూట ట్యూబ్‌లైట్ కింద గీతలు నిలబెట్టారంటే ఆ డ్రైవ్ 291 చుట్ల దగ్గర ఆగినట్టే. ఆ రోజుల్లో ఇక్కడ ఎవరైనా సరిచేసి పెట్టిన డ్రైవ్ మీకు దొరికితే, మళ్లీ కొలవండి.

మోటారు సెకనులో ఆగిపోతోంది. తిరుగుతూ ఉండాలంటే?

పని అయిపోయిన సెకనుకి కంట్రోలర్ మోటారు ఆపేస్తుంది. కార్డు ఆరో స్లాటులో ఉంటే బేసిక్‌లో ఎక్స్ = పీక్ (49386), తర్వాత ఎక్స్ = పీక్ (49385) కొట్టండి (అక్షరాలు మామూలుగా ఇంగ్లీషులోనే). మొదటిది ఒకటో డ్రైవ్‌ని ఎంచుకుంటుంది, రెండోది మోటారు తిప్పుతుంది. ఆపాలంటే 49384. ఆరు కన్నా తక్కువ నంబరు స్లాటైతే స్లాటుకి 16 చొప్పున తగ్గించుకోండి. అదే వరుసలో 49391 అనే అంకె డ్రైవ్‌ని రాసే స్థితిలోకి నెడుతుంది. చెయ్యి తప్పి అది పడినా ఏమీ కాకుండా, లోపలి ఫ్లాపీకి గాటు మూసి ఉంచండి.

మా ఇంట్లో అన్నీ ఎల్ఈడీ బల్బులే. గీతలు అసలు నిలబడటం లేదు.

నిలబడవు. మంచి ఎల్ఈడీ బల్బు వెలుగు దాదాపు స్థిరంగా ఉంటుంది, లేదా దాని లోపలి సర్క్యూట్ వేరే వేగంతో మినుకుతుంది. ఎలక్ట్రానిక్ చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ కూడా పనికిరాదు. బరువైన ఇనుప చోక్, స్టార్టర్ ఉన్న పాత పట్టీయే కావాలి. ఎలక్ట్రికల్ షాపుల్లో మూలన పడి ఉంటాయి, అడిగితే ఇస్తారు. నేను ఒక పట్టీని దీనికోసమే బల్ల పైన బిగించుకున్నాను. అది దొరక్కపోతే సాఫ్ట్‌వేరే మేలు.

అమెరికాలో ఉంటున్నాం. తేడా ఏమైనా ఉందా?

అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, వెలుగులు సెకనుకు 120, చుట్టుకి 24. కాబట్టి 24 గీతల వలయం చూడండి. పొరపాటున 20 గీతల వలయం నిలబెడితే డ్రైవ్ 360 దగ్గరికి వెళ్తుంది, ఏ ఫ్లాపీ చదవదు. అక్కడి నుంచి కంప్యూటర్ ఇండియాకి తెచ్చుకుంటే డ్రైవ్‌కి మార్పేమీ అవసరం లేదు, మోటారు 12 వోల్టుల డీసీది. చూసుకోవాల్సింది కంప్యూటర్ పవర్ సప్లై 230 వోల్టులకి పనికొస్తుందా లేదా అన్నదే.

సాఫ్ట్‌వేర్‌తో ఎలా కొలవాలి?

ఫ్లాపీలు కాపీ చేసే పాత ప్రోగ్రాములైన కాపీ టూ ప్లస్‌లో, లాక్‌స్మిత్‌లో డ్రైవ్ స్పీడ్ చూసే సదుపాయం ఉంది. నడుస్తుండగానే ప్రీసెట్ తిప్పుతూ తెర మీద మార్పు చూడొచ్చు.

ఒక జాగ్రత్త. ఫ్లాపీ మీద కేంద్రం పక్కన చిన్న రంధ్రం ఉంటుంది. చాలా డ్రైవ్‌లు ఆ రంధ్రం దాటినప్పుడల్లా ఒక చుట్టు అయిందని లెక్కేసుకుంటాయి. వోజ్నియాక్ దాన్ని అసలు వాడలేదు. అందువల్ల ఈ ప్రోగ్రాములు ట్రాక్ మీద ఒక గుర్తు రాసి, అది మళ్లీ తిరిగి వచ్చేదాకా సమయం చూస్తాయి. రాస్తాయి అన్న మాట గమనించండి. స్పీడ్ కొలిచేటప్పుడు లోపల పనికిరాని ఫ్లాపీయే ఉండాలి. డ్రైవ్ పరీక్షిద్దామని ఉన్న ఒక్క మంచి ఫ్లాపీని పెట్టేవాళ్లని చూశాను, మనసు చివుక్కుమంటుంది.

సరిచేశాక కూడా అంకె నిలకడగా లేదు. 198, 202, 199 అని ఆడుతోంది.

అది ప్రీసెట్ పని కాదు. బెల్టు సాగిపోయి ఉంటుంది, లేదా పుల్లీ మీద జిడ్డు. బెల్టు తీసి, పుల్లీని ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ పెట్టండి. అప్పటికీ ఆడుతుంటే కొత్త బెల్టు. ఒక్కోసారి తప్పు ఫ్లాపీదే, లోపలి పొర అంటుకుపోయి తిరగనివ్వదు. రెండు మూడు ఫ్లాపీలు మార్చి చూస్తే తెలిసిపోతుంది. ప్రీసెట్ తిప్పినప్పుడు అంకె గెంతుతుంటే దాని లోపల దుమ్ము ఉంది: మొదట ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకుని, ఆ చివర నుంచి ఈ చివరకి నాలుగైదు సార్లు తిప్పి మళ్లీ చూడండి.

కోస్తాలో ఉన్నవాళ్లకి ఒక మాట. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల అటక మీద దొరికే ఫ్లాపీలకి బూజు పడుతుంది. కిటికీలాంటి సందులోంచి చూస్తే గోధుమరంగు పళ్లెం మీద తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. అలాంటిది డ్రైవ్‌లో పెట్టకండి. అది తిరగదు, పైగా హెడ్‌ని పాడుచేస్తుంది, ఆ హెడ్ తర్వాతి ఫ్లాపీలని గీకుతుంది.

అప్పట్లో కొందరు కావాలనే స్పీడ్ మార్చేవాళ్లట. ఎందుకు?

కాపీ రక్షణ కోసం కొన్ని ప్రోగ్రాములు ఒక ట్రాక్‌లో ఎన్ని బైట్లున్నాయో లెక్కపెట్టేవి. ఆ లెక్క ఫ్లాపీ తయారైన డ్రైవ్ స్పీడ్‌ని బట్టి ఉంటుంది. కాపీ చేసేవాళ్లు అదే లెక్క రావాలని ప్రీసెట్ తిప్పుతూ కూర్చునేవారు. పని అయ్యాక చాలామంది వెనక్కి తిప్పలేదు. పాత డ్రైవ్‌లలో వింత అంకెలు కనబడటానికి ఇదొక కారణం.

రెండు డ్రైవ్‌లున్నాయి. రెంటినీ ఒకదానితో ఒకటి సమానం చేస్తే సరిపోదా?

మీ రెంటి మధ్య సరిపోతుంది. బయటి నుంచి వచ్చే ఫ్లాపీకి సరిపోదు. రెంటినీ విడివిడిగా 200 మిల్లీసెకన్లకే తీసుకురండి.

స్పీడ్ తేడా వల్ల పాడైన ఫైల్ తిరిగి వస్తుందా?

చాలాసార్లు వస్తుంది. ఇంకేమీ రాయకుండా ఆపేయాలి, అంతే. చెరిగింది చిరునామా మాత్రమే, సమాచారం అక్కడే ఉంటుంది కదా. ట్రాక్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు చదివే ఆపిల్‌సాస్ లాంటి పరికరంతో తీసుకుని, రెండు సెక్టార్ల మధ్య చిరునామా లేకుండా మిగిలిన ముక్కని వెతికి పట్టుకోవచ్చు. డ్రైవ్ స్పీడ్ సరిచేసినంత మాత్రాన మాత్రం తిరిగి రాదు.

నేను చెడగొట్టిన ఉత్తరం అలాగే దొరికింది. ఒక సెక్టారు చిరునామా పోయింది, తర్వాతి 256 అక్షరాలు చెక్కుచెదరలేదు. సంక్రాంతికి రాలేకపోతున్నానని, చలి ఎక్కువగా ఉందని, ఆవకాయ సీసా భద్రంగా చేరిందని ఉంది అందులో. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ఏ ఫ్లాపీనైనా ముందు ఏడీటీ ప్రో ప్రోగ్రాముతో ఇప్పటి కంప్యూటర్‌లోకి కాపీ చేస్తాను, ఆ తర్వాతే తెరుస్తాను. దిద్దుబాట్లు కాపీలోనే చేస్తాను.

అంతా సరిచేశాక ప్రీసెట్ కదలకుండా ఏం చేయాలి?

స్క్రూ అంచున గోళ్లరంగు చిన్న బొట్టు పెట్టండి. ఆరాక డ్రైవ్‌ని నిలబెట్టి కాదు, మామూలుగా పడుకోబెట్టి ఇంకోసారి కొలవండి. అడుగున కాగితం ముక్క అంటించి తేదీ, మిల్లీసెకన్లు రాయండి. నా రెంటి మీదా ప్రస్తుతం 200.1, 199.8 అని ఉంది. ఆరునెలలకోసారి చూస్తే చాలు.